గాలి తీయు విద్య

గత యాసంగి కోతల కాలమున, బడికి వేసవి సెలవులిచ్చిన కొలది దినములకు, మేము కోరుట్లకు అనతిదూరమున నున్న యొక పల్లెకు మా విద్యార్థి యొకని యింటికి పోయియుంటిమి. ఆనాడు వారి ధాన్యమును కొనుగోలు కేంద్రమునకు చేర్చవలసిన వంతు. ట్రాలీ నిండ వడ్లు పోసికొని బయలుదేరిన ట్రాక్టరు పొలముబాటలోనే యాగిపోయెను. చూడగా ట్యాంకులో డీజిలు చుక్కయైనను లేదు. ఒక బాలుడు మోటారు సైకిలుపై బంకునకు పోయి క్యానుతో పది లీటర్లు తెచ్చి పోసెను. ఇక బయలుదేరుటయే తరువాయి యని యందరును తలచిరి. కాని యింజను అందుకొనలేదు.

తాళపుచెవి త్రిప్పి త్రిప్పి బ్యాటరీ నీరసించినది. ట్రాలీని విడదీసి పదిమంది భుజములొడ్డి ట్రాక్టరును త్రోసిరి. పొరుగువారి ట్రాక్టరును తెచ్చి గొలుసు కట్టి లాగించిరి. ఫలము లేకపోయెను. వేపచెట్టు నీడను గూర్చుండిన ముసలితాత యొకడు మొదటనే, "బిడ్డా, దానికి గాలి పట్టింది. నూకుడుతోని ఏమయితది? ఓ పానా పట్టుకరాండ్రి, గాలి తీద్దాం" అని పలికెను. యువకులు నవ్వి, "తాతా, ఇది ట్రాక్టరు, నీ బాయికాడి ఇంజను గాదు" అనిరి. తాత మరి మాటాడలేదు.

మధ్యాహ్నము తిరిగినది. పడమట మబ్బు లేచినది. పట్టాలన్నియు కల్లమునందలి కుప్పలపై కప్పబడియుండెను. అరగంటసేపు వాన కురిసి ట్రాలీలోని ధాన్యము తడిసి ముద్దయైనది. చీకటిపడు వేళకు పట్టణమునుండి మెకానిక్కు వచ్చి, రెండు పానాలతో, పది నిమిషములలో, తాత చెప్పిన పనియే చేసెను. ఇంజను అందుకొనెను. కాని వంతు తప్పినది. తేమ నూటికి 17 పాళ్లకు మించిన ధాన్యమును కేంద్రమున తీసికొనరు గదా! ఆ కుటుంబమువారు మరల నాలుగు దినములు వడ్లను ఎండబోసి, రాత్రులు కావలి కాచి, మొలకెత్తినవానిని తీసివేసి, కూలి డబ్బులు రెండవమారు చెల్లించిరి.

ఆ త్రోసినవారిలో మేమును ఉంటిమి. ఇదియే మాకు సిగ్గుచేటు. వాయువును నొక్కినచో దాని పరిమాణము తగ్గునని, ద్రవము అట్లు తగ్గదని నల్లబల్లపై వ్రాసి బోధించినవారము మేము. దానినే పరీక్షలో ప్రశ్నగా నిచ్చినవారమును మేమే. ఆ నియమము మా కన్నులయెదుట నొక సన్నని గొట్టములో దాగియుండగా, దానిని గుర్తింపజాలక భుజములతో త్రోయుచుంటిమి. బడి మొగము చూడని తాత గుర్తించెను. ఈ వ్యాసము ఆ సిగ్గునుండి పుట్టినది.

మా యభిప్రాయము సూటిగా చెప్పెదము. డీజిలు యింజనులో చిక్కుకొన్న గాలిని తీయుట మన ప్రాంతమున ప్రతి యింట నొకరికైనను తెలిసియుండవలెను. దానిని మన బడిలో, పుస్తకములో గాక చేతులతో, బాలురకును బాలికలకును నేర్పవలెను. గోటితో పోవుదానికి గొడ్డలి యేల?

మొదట ఈ గాలి చేయు చేటు ఎట్టిదో తెలిసికొందము. రుడాల్ఫు డీజిలు 1858లో పారిసు నగరమున జర్మను తలిదండ్రులకు జన్మించెను. అతడు రూపొందించిన యంత్రము 1897లో జర్మనీ దేశపు ఆగ్స్‌బర్గు పట్టణమున విజయవంతముగా పరీక్షింపబడినది. దానిలో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు లేదు. సిలిండరులోని గాలిని దాని పరిమాణములో పదునారవ వంతునకో పదునెనిమిదవ వంతునకో నొక్కివేయగా, ఆ గాలి 500 డిగ్రీలకు మించి వేడెక్కును. ఆ క్షణమున డీజిలును సన్నని తుంపరగా చిమ్మినచో తనంత తానే మండును. ఇంజను బలమంతయు ఈ చిమ్ముటలోనే యున్నది. పాత ఇంజనులలో ఇంజెక్టరు నోరు తెరచుకొనుటకే చదరపు సెంటీమీటరునకు సుమారు 200 కిలోల ఒత్తిడి కావలెను. పంపు ఒక్కొక్క పోటునకు పంపునది సుమారొక చుక్క నూనె మాత్రమే.

ఇప్పుడు ఆ సన్నని గొట్టములో నూనెకు మారు గాలి యున్నదనుకొందము. పంపు తన చుక్కను నెట్టును. గాలి దూదివలె ముడుచుకొని యా పోటును మ్రింగివేయును; పంపు వెనుకకు రాగానే మరల విచ్చుకొనును. ఒత్తిడి ఇంజెక్టరు దాక చేరనే చేరదు. సెల్ఫు నెంత త్రిప్పినను, బండినెంత త్రోసినను, గాలి అట్లే ముడుచుకొనుచు విచ్చుకొనుచు నుండును. ఆసుపత్రిలో నర్సమ్మ సూదిమందు వేయుటకు ముందు సిరంజిని నిలువుగా పట్టి, గాలిబుడగ పోయి మందుచుక్క సూదిమొనను కనబడువరకు నొక్కుట మన పిల్లలందరును చూచినదే. కారణములు వేరైనను చేయుపని అదియే. ఒక సిరంజిని నీటితో నింపి మూతిని వ్రేలితో మూసి నొక్కి చూడుడు. పిదప గాలితో నింపి నొక్కి చూడుడు. పుస్తకములో పుట నిండ వ్రాసినది వ్రేలిమొనకు తెలియవచ్చును.

ఇందొక విచిత్రము గలదు. సిలిండరులోని గాలి యింజనుకు ప్రాణము. నూనెగొట్టములోని గాలి దానికి మృత్యువు. తొలినాటి డీజిలు యంత్రములలో నూనెను సిలిండరులోనికి చిమ్ముటకే బిగించిన గాలిని వాడిరి. ఆ పద్ధతికి బరువైన కంప్రెసరు కావలసియుండెను. పిమ్మట గాలి సాయము లేక నూనెనే నేరుగా నెట్టు పంపులు వచ్చినవి. 1927లో జర్మనీలోని బాషు కంపెనీ అట్టి పంపులను విరివిగా తయారుచేయ మొదలిడెను. చిన్న లారీలకును ట్రాక్టర్లకును డీజిలు యింజను అమరుటకు ఈ మార్పే త్రోవ చేసినది. నాటినుండి నూనె త్రోవలో గాలికి చోటు లేదు.

ఈ విద్య మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. మన తాతల కాలమున మోటలు పోయి బావులపై ఆయిలింజనులు వచ్చినవి. 1946లో పూణె నగరమున స్థాపింపబడిన కిర్లోస్కరు ఆయిల్ ఇంజన్ల కంపెనీ వంటివారి యంత్రములు దేశమంతటను పొలములకు నీరు తోడినవి. అట్టి యింజను గల రైతునకు పానా ఒడిలో లేక పొలమునకు పోవుట లేదు. నూనె తగ్గి గాలి పట్టినచో, నాటు పడిన మడి యెండకముందే తానే గాలి తీసికొనవలెను. పిలిచిన మాత్రమున వచ్చు మెకానిక్కు లేడు. తరువాత కరెంటు వచ్చినది. సిరిసిల్ల ప్రాంతమున సహకార విద్యుత్ సరఫరా సంఘము 1970లో పని నారంభించి పల్లెపల్లెకు తీగలు వేసినది. 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు, 2018 జనవరి 1 నుండి దినమునకు 24 గంటల సరఫరా వచ్చుటతో బావికాడి ఆయిలింజను మూలబడినది. ఇది మేలే, దీనికి మేము వగచుటలేదు. కాని యింజనుతోబాటు విద్యయు మూలబడినది. ఇంతలో డీజిలు యంత్రములు మాత్రము మునుపటికంటె హెచ్చినవి. ట్రాక్టర్లు, వరికోత యంత్రములు, బోరుబండ్లు, లారీలు, పెండ్లి పందిరి వెనుక జనరేటర్లు లేని యూరు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో నేడు కనబడదు. యంత్రములు వచ్చినవి, తెలివి వెడలినది. వేపచెట్టు నీడనున్న తాతయొద్ద అది మిగిలియుండగా మనము నవ్వితిమి.

ఇక చేయు విధానము. సాధారణమైన పాత తరహా ట్రాక్టరును దృష్టిలో నుంచుకొని చెప్పుచున్నాము. మొదట ట్యాంకులో తగినంత డీజిలు పోసి, నూనె వచ్చు కుళాయి తెరచియున్నదో లేదో చూడవలెను. ఫిల్టరు తలపైన చిన్న స్క్రూ యొకటి యుండును. చుట్టునున్న దుమ్మును గుడ్డతో తుడిచి, దానిని ఒకటి రెండు చుట్లు వదులు చేయవలెను, పూర్తిగా ఊడదీయరాదు. పిదప చేతిపంపు మీటను నెమ్మదిగా నొక్కుచుండవలెను. మొదట నురుగు, తరువాత బుడగలతో కూడిన నూనె వెడలును. బుడగ యొక్కటియు లేక నూనె తేటగా ధారగట్టినప్పుడు, మీటను నొక్కుచుండగనే స్క్రూను బిగింపవలెను. నొక్కుట మానిన పిదప బిగించినచో గాలి మరల లోనికి పోవును. ఇట్లే ఇంజెక్షను పంపుపైనున్న స్క్రూవద్దను చేయవలెను. అప్పటికిని యింజను అందుకొననిచో, ఇంజెక్టర్లవద్ద గొట్టముల నట్టులను అరచుట్టు వదులు చేసి, ఒకరు ఇంజనును త్రిప్పుచుండగా నూనె తేటగా కారినంతనే ఒక్కొక్కదానిని బిగింపవలెను. బావికాడి ఒంటి సిలిండరు ఇంజనులో ట్యాంకు ఎత్తున నుండుటచే నూనె తనంత తానే దిగివచ్చును. తక్కిన క్రమమంతయు ఇదియే. ట్యాంకునుండి ఇంజెక్టరువరకు, నూనె నడచు త్రోవనే గాలిని వెడలనడుపుట ఇందలి మర్మము. నడుమ నుండి మొదలిడినచో వెనుకనున్న గాలి మరల ముందుకు వచ్చును.

గాలిని తీయుటకంటె ముఖ్యమైనది అది యెట్లు వచ్చినదో కనుగొనుట. ట్యాంకు వట్టిపోయినను, ఫిల్టరు మార్చినను గాలి వచ్చుట సహజము. ఒకసారి తీసిన చాలును. కాని తీసిన రెండు దినములకే మరల వచ్చినచో ఎక్కడనో రంధ్రము గలదని యెరుగవలెను. ఇచ్చట పలువురు మోసపోవుదురు. పంపు దాటిన పిదప గొట్టము చిల్లిపడినచో నూనె కారి మరక కనబడును. పంపునకు ముందు, నూనెను పీల్చుచోట చిల్లిపడినచో, ఇంజను నడచునపుడు చుక్క కారదు. బయటి గాలియే లోనికి పోవును. పైకి అంతయు పొడిగా, శుభ్రముగా నుండును. ఎండకు పగిలిన రబ్బరు గొట్టము, వదులైన క్లిప్పు, అరిగిన వాషరు, సరిగా కూర్చుండని ఫిల్టరు గిన్నె, వీనిని వరుసగా చూడవలెను. గొట్టములో కొంత మేర తేటగా కనబడు ప్లాస్టిక్కు గొట్టము నుంచి చూచినచో బుడగలు కనబడును. కారు తప్పు కంటబడును, కారని తప్పు వెదకిన గాని దొరకదు. ఈ మాట ఇంజనులకు మాత్రమే కాదని పెద్దలు గ్రహింతురు.

ఎండకు డీజిలు ఆవిరియై త్రోవ కట్టివేయునని కొందరందురు. మన జగిత్యాల యెండలు 45 డిగ్రీలు దాటుట నిజమే. కాని ఆవిరి త్రోవకు అడ్డుపడుట పాత పెట్రోలు బండ్ల జబ్బు. పెట్రోలులోని తేలిక భాగములు కొలది వేడికే ఆవిరియగును. డీజిలు మరుగుట కించుమించుగా 160 డిగ్రీలు దాటినగాని మొదలు కాదు. అయితే ఫిల్టరు మురికితో పూడుకొన్నప్పుడు పంపు బలవంతముగా పీల్చును. అప్పుడు ఒత్తిడి తగ్గి, డీజిలులో కరగియున్న గాలియే బుడగలై పైకి తేలును. కావున నెపము ఎండపై మోపుటకంటె ఫిల్టరును కాలమునకు మార్చుట మేలు. ట్యాంకును రాత్రివేళ నింపియుంచుట మరియు మేలు. ఖాళీచోట గాలిలోని తేమ నీరై యడుగున చేరదు. నిండుకుండ తొణకదన్న సామెత ట్యాంకునకును చెల్లును.

మా మాటకు ఎదురుపలుకువారు మువ్వురు గలరు. మొదటివారు, "ఇది మెకానిక్కు పని, బడిపిల్లల కేల?" అందురు. మెకానిక్కుల కూటిని తీయవలెనని మా కోరిక కాదు. పంపును విప్పుట, ఇంజెక్టరును పరీక్షించుట వారి పనియే. కాని వ్రేలికి ముల్లు గ్రుచ్చుకొన్నంతనే వైద్యునికై పరుగెత్తుదుమా? మెకానిక్కు వచ్చులోపల వాన యాగదు.

రెండవవారు, "ఇప్పటి ఇంజనులు వేరు, కంప్యూటరుతో నడచునవి" అందురు. ఇది కొంత నిజము, దీనిని మేము గౌరవింతుము. క్రొత్త కామన్ రెయిలు ఇంజనులలో ఒత్తిడి వాతావరణపు ఒత్తిడికి 1500 రెట్లును మించును. వాని గొట్టముల నట్లు ఎన్నడును వదులు చేయరాదు. అట్టి నూనెధార కంటికి కనబడకయే చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. చూచుటకు చీమకుట్టినంత గాయమైనను వెంటనే ఆసుపత్రికి పోవలెను, ఆలస్యము చేసినచో చేయియే పోవచ్చును. పాత ఇంజనులలో సైతము చిమ్ముచున్న యింజెక్టరునకు అరచేయి యడ్డుపెట్టరాదు. క్రొత్తవానిలో పెక్కింటికి గాలి తీసికొను ఏర్పాటు వానిలోనే యుండును. తయారుచేసినవారి పుస్తకము చదివి యట్లే నడువవలెను. ఎక్కడ చేయి పెట్టవచ్చునో, ఎక్కడ పెట్టరాదో తెలియుటయే గదా విద్య! తెలియనివాడే రెండుచోట్లను చేయి పెట్టును. గాలి పట్టిన ఇంజనునకు గాలిగొట్టములో పెట్రోలు పోయుట, సెల్ఫును ఎడతెగక త్రిప్పుట, గట్లపై గొలుసు కట్టి లాగించుట మన పల్లెలలో కనబడుచున్నవి. మొదటిదానివలన నిప్పంటుకొనును, రెండవదానివలన బ్యాటరీయు సెల్ఫును చెడును, మూడవదానివలన ట్రాక్టరు తిరుగబడి మనుష్యుని ప్రాణమే పోవచ్చును. పదునైదు సెకనులకు మించి సెల్ఫును త్రిప్పరాదు. త్రిప్పిన పిదప కొంతసేపు ఆగవలెను.

మూడవవారు తలిదండ్రులే. "మా బిడ్డ నూనెచేతులవాడు కావలెనని బడికి పంపలేదు" అందురు. వారి యాశ మాకు తెలియును. చెమటోడ్చి బిడ్డను చదివించువారికి ఆఫీసు కుర్చీపై కన్నుండుట తప్పు కాదు. అయినను ఒక్క మాట. మన మూడు పట్టణముల చుట్టునున్న పల్లెలనుండి యువకులు దుబాయికి, సౌదీకి, కువైటుకు పోవుచుండుట మన మెరుగుదుము. చేతిలో నొక పని యుండి పోయినవాని బ్రతుకొకటి, ఏ పనియు రాక కూలికి పోయినవాని బ్రతుకొకటి. ఇంజినీరు కాగోరువానికి సైతము స్క్రూ ఏ వైపునకు త్రిప్పిన వదులగునో తెలియుట నామోషీ కాదు. మేము మార్కులు తెచ్చుకొని యుంటిమి, వడ్లు తడిసినవి.

సిరిసిల్ల నుండి మన బడికి బిడ్డలను పంపిన నేతవారికి ఈ సంగతి మేము వేరుగా చెప్పనక్కరలేదు. మరమగ్గమున పడుగుపోగు తెగినచో వారు మగ్గమునింక వేగముగా నడుపరు. ఆపి, తెగినచోటు వెదకి, ముడివేసి, అటుపిమ్మట నడుపుదురు. ఆపక నడిపినచో లోపము గుడ్డ పొడవునను సాగును. ఆ ఓర్పే ఇంజనువద్దను కావలసినది. బలము చాలనిచోట కాదు, బలము దారి తప్పినచోట మనము ఓడిపోవుదుము.

కావున మేము కోరునది పెద్దది కాదు. మూలబడిన ఒంటి సిలిండరు ఆయిలింజను ఒకటి, పాత ట్రాక్టరు ఫిల్టరును పంపును ఒకటి చొప్పున, దాతలెవరైన బడికి ఇచ్చినచో షెడ్డులో నిలుపుదుము. సంవత్సరమునకు రెండు శనివారములు ఎనిమిదవ తరగతి మొదలు పైతరగతులవారికి కేటాయింతుము. కారిన నూనెను గిన్నెలో పట్టుట, బీడీకి నిప్పునకు దూరముండుట, నూనెగుడ్డలను బావి దరిని పారవేయకుండుట మొదటి పాఠము. గాలి తీయుట రెండవది. గాలి వచ్చినచోటు వెదకుట మూడవది. బోధించువారు మేము కాము. మన పల్లెల తాతలను, పట్టణపు మెకానిక్కులను పిలిచి, కుర్చీ వేసి, మేమును పిల్లలతోబాటు నేలపై గూర్చుండి నేర్చుకొందుము. బాలికలను వెనుకకు నిలుపరాదు. గల్ఫు దేశములకు మగవారు పోయిన యిండ్లలో సేద్యము నడుపుచున్నది ఎవరు?

సువార్తలోని పదిమంది కన్యకల యుపమానము మన ప్రార్థనాకూటములలో పలుమారులు వినియున్నాము. దివిటీ అందరియొద్దను ఉండెను. నూనె సమయమునకు కొందరియొద్దనే యుండెను. ట్యాంకులో నూనె చూచుకొని బయలుదేరువానికి ఈ వ్యాసముతో పనియే లేదు. కాని మనుష్యులము గనుక మరచుచుందుము. మరచినవానికి సైతము త్రోవ యుండవలెనని మా యాశ.

ప్రియమైన బాలబాలికలారా! ఈ సంచిక మీ చేతికి వచ్చిన దినమున మీ యింటనున్న తాతయొద్దకో, పొరుగింటి ముసలివారియొద్దకో పోయి, "తాతా, ఇంజనుకు గాలి పడితే ఎట్ల తీసేటోళ్లు?" అని యడుగుడు. ఆయన నవ్వునేమో, చేతులతో చూపునేమో. శ్రద్ధగా వినుడు. వచ్చు యాసంగిలో మబ్బు లేచునప్పటికి మన యూరి బాటమీద పానా పట్టిన చేయి యొకటి సిద్ధముగా నుండునుగాక.